ఈశాన్య వానలకు ముందే ఇంటి పునాదినీ బేస్‌మెంటునూ కాపాడుకోవడం ఎలా

నెల్లూరు జిల్లాలో ఇల్లు ఉన్నవారికి అసలైన వానాకాలం అక్టోబరులో మొదలవుతుంది. ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. అది కూడా రోజూ కొంచెం కొంచెంగా కాక, వాయుగుండం పట్టినప్పుడు రెండు మూడు రోజులలో కుమ్మరించినట్లు పడుతుంది. ప్రకాశం జిల్లా తీర మండలాలలోనూ ఇళ్లకు ఈ మూడు నెలలే గడ్డుకాలం. 2015 నవంబరును, 2021 నవంబరును, మిచాంగ్ తుఫాను తీరం దాటిన 2023 డిసెంబరును చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. వేసవి జల్లుకు తడిసిన గోడ రెండు రోజులలో ఆరిపోతుంది. చలి మొదలైన తరువాత తడిసిన పునాది మాత్రం, పైన ఎండ లేక, చుట్టూ చెరువులూ వరిమళ్లూ నిండి భూగర్భజలం పైకి వచ్చినందువల్ల, సంక్రాంతి దాటినా ఆరదు. ఇంటికి నష్టం జరిగేది ఆ ఆరని రోజులలోనే.

బేస్‌మెంటు అనే మాటను ఇక్కడ మన మేస్త్రీలు వాడే అర్థంలోనే వాడుతున్నాను. నేలమట్టం నుంచి ఇంటి గచ్చు వరకు లేచిన భాగం బేస్‌మెంటు, దాని కింద భూమిలో ఉన్నది పునాది. అపార్ట్‌మెంట్ల అడుగున భూమిలోపల కట్టే పార్కింగును సెల్లారు అంటాను. దాని సంగతి తరువాత వస్తుంది.

నీటిని గోడలో ఆపాలని చూడకండి, గోడ దగ్గరకే రాకుండా మళ్లించండి. వాటర్‌ప్రూఫ్ పెయింటుకు ఖర్చు పెట్టే ముందు డాబా గొట్టాలకూ, ఇంటి చుట్టూ ఉన్న నేల వాటానికీ ఖర్చు పెట్టండి. మా ఇంట్లో ఈ వరసను తారుమారు చేసి రెండేళ్లు నష్టపోయాను కాబట్టి ఈ మాటను గట్టిగా చెబుతున్నాను.

మొదట వానలో తిరిగి చూడాలి

ఉత్తర, హస్త కార్తెలలో, అంటే సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు మొదటి వారాల లోపల, ఒక మంచి వాన పడినప్పుడు గొడుగు వేసుకొని ఇంటి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరగండి. డాబా నీరు ఏ గొట్టం నుంచి ఎక్కడ పడుతున్నది, పడిన నీరు ఎటు పారుతున్నది, ఎక్కడ నిలుస్తున్నది, వాన వెలిసిన గంట తరువాత కూడా ఏ మూల మడుగు మిగిలి ఉన్నది, ఇవన్నీ చూసి ఒక కాగితం మీద ఇంటి నమూనా గీసి గుర్తు పెట్టుకోండి. ఎండలో వచ్చి చూసిన మేస్త్రీకి కనిపించని తప్పులు వానలో మీ కంటికే కనిపిస్తాయి. తరువాత ఇంటి లోపలికి వచ్చి, గచ్చు నుంచి మూడడుగుల ఎత్తు వరకు ప్రతి గదిలో గోడను అరచేతితో తడిమి చూడండి. మంచాల వెనుక, బీరువాల వెనుక తప్పనిసరిగా చూడండి.

డాబా నీటిని గోడకు దూరంగా వదలాలి

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 9,300 లీటర్ల నీరు దిగుతుంది. తుఫాను రోజులలో మన జిల్లాలలో 10 సెంటీమీటర్లు ఒక్క రోజులో పడటం వింత కాదు. ఆ నీరంతా రెండు మూడు గొట్టాల ద్వారా సరిగ్గా గోడ మొదట్లో పడుతున్నదంటే, రెండు ట్యాంకర్ల నీటిని మన చేతులతో మనమే పునాదిలోకి వదులుతున్నట్లు లెక్క.

అందువల్ల ముందుగా డాబా ఊడ్చి, వేపాకూ కొబ్బరి పీచూ గొట్టాల మూతిలో చేరకుండా జాలీలు బిగించండి. ప్రతి గొట్టాన్నీ కింద ఒక బెండుతో మలిపి, గోడకు కనీసం ఐదారు అడుగుల దూరంలో కాలువలోకో, ఇంకుడు గుంతలోకో వదలండి. ఇంకుడు గుంత మంచిదే, భూగర్భజలానికి అవసరమే. అయితే దానిని గోడను ఆనుకొని తవ్వించుకున్న ఇళ్లను చాలా చూశాను. స్థలం ఉన్నంత మేరకు ఇంటికి దూరంగా, కాంపౌండు మూలకు జరిపించండి. నల్లరేగడి నేలలో నీరు తొందరగా ఇంకదు కాబట్టి, అక్కడ ఇంకుడు గుంత నిండినప్పుడు నీరు బయటకు పోవడానికి ఒక మార్గం తప్పక ఉండాలి.

గొట్టం నేలలోకి దిగి, లోపల ఎటో పోయే ఏర్పాటు మీ ఇంట్లో ఉంటే దానిని నమ్మకండి, పరీక్షించండి. మా ఇంట్లో భోజనాల గది మూల ప్రతి నవంబరులోనూ చెమ్మ ఎక్కి, పెయింటు పొక్కులు లేచి రాలేది. రెండు సంవత్సరాలు వరుసగా గీకించి, పుట్టీ పెట్టించి, ఖరీదైన పెయింటు వేయించాము. మూడో ఏడు ఒక పెద్ద మేస్త్రీ చెప్పగా, రెండు బిందెల నీటిలో బట్టలకు వేసే నీలిమందు చిక్కగా కలిపి డాబా గొట్టంలో పోశాము. కొంతసేపటికి ఆ మూల బయటి వైపు మట్టి తవ్వితే గోడ మొదట్లో ఇటుకల సందులలో నీలి రంగు కనిపించింది. నేలలో అడుగు లోతున బెండు జాయింటు విడిపోయి ఉంది. డాబా మీద పడిన ప్రతి చుక్కా అక్కడే పునాదిలోకి దిగుతున్నది. ఒక బెండు, నాలుగడుగుల గొట్టం మార్చిన తరువాత ఆ గోడ మళ్లీ తడవలేదు. ఈ పరీక్షకు ఖర్చు ఏమీ లేదు. పెయింటు వేయించే ముందు ప్రతి గొట్టానికీ చేసి చూడండి.

నేల వాటం, రోడ్డు ఎత్తు

నీరు పల్లమెరుగు అంటారు. ఇంటి చుట్టూ మొదటి పది అడుగులలో నేల గోడ నుంచి బయటకు ఆరు అంగుళాలైనా దిగుతూ ఉండాలి. అంత స్థలం లేని ఇళ్లలో ఉన్న మేరకే వాటం ఇచ్చి, చివర ఒక సన్న కాలువ కట్టి నీటిని వీధి కాలువకు చేర్చండి. వాటం కోసం ఇసుక పోయించకండి, ఇసుకలో నీరు నేరుగా కిందికి దిగుతుంది. గ్రావెల్ మట్టిని ఆరేసి అంగుళాల పొరలుగా పరచి, తడిపి, దిమ్మిసతో బాగా కొట్టించండి.

గోడను ఆనించి పూలమొక్కల మడి కట్టుకోవడం మనకు అలవాటు. మల్లె చెట్టుకు రోజూ పోసే నీరు ఎండాకాలంలో కూడా పునాదిని తడుపుతూనే ఉంటుంది. మొక్కలను కాంపౌండు గోడ వైపుకు మార్చండి. బేస్‌మెంటు పైభాగాన, గోడ మొదలయ్యే చోట, చెమ్మ పైకి ఎక్కకుండా వేసే డీపీసీ పొర ఉంటుంది. మట్టి ఆ పొర కంటే ఎత్తుకు చేరితే ఆ పొర ఉన్నా లేనట్లే. మట్టి ఎప్పుడూ దానికి ఆరు అంగుళాలు కిందనే ఉండాలి.

మన ఊళ్లలో ఇంతకంటే పెద్ద సమస్య రోడ్డు. పాత సిమెంటు రోడ్డును తవ్వకుండా దాని మీదనే కొత్త రోడ్డు వేయడం వల్ల, ఇరవై ఏళ్ల కిందట రోడ్డుకు రెండున్నర అడుగుల ఎత్తున కట్టిన బేస్‌మెంటు ఈనాడు రోడ్డుతో సమానమయింది, కొన్ని వీధులలో పల్లమయింది. ఇందులో ఇంటి యజమాని తప్పు లేదు. వీధిలో కొత్త రోడ్డు వేసేటప్పుడు అందరూ కలిసి, పాతదాన్ని తవ్వి వేయమని పనికి ముందే రాతపూర్వకంగా అడగడం ఒక్కటే అసలైన మందు. రోడ్డు పడిన తరువాత చేయగలిగింది తక్కువ. అప్పటికే ఇల్లు పల్లమై ఉంటే గేటు దగ్గర రోడ్డు కంటే అర అడుగు ఎత్తున గట్టులా కట్టించి, దాని లోపలి వైపు అడ్డంగా జాలీ కాలువ పెట్టించి, కాంపౌండు లోపలి నీరు ఒక గుంతలో చేరేటట్లు చేసి, ఆ గుంతలో చిన్న పంపు పెట్టుకోవాలి. గట్టు మాత్రమే కట్టి గుంత పెట్టకపోతే లోపల పడిన వాన లోపలే నిలిచిపోతుంది.

రెండు ఇళ్ల మధ్య రెండడుగుల సందు ఉన్నచోట ఇద్దరి డాబాల నీరూ, ఇద్దరి సన్‌షేడ్ల నీరూ ఆ సందులోనే పడతాయి. ఇది ఒక్కరు చేసుకోగల పని కాదు. పక్కింటివారితో మంచిగా మాట్లాడుకొని, సందు మొత్తానికీ గచ్చు వేయించి నడిమికి వాటం ఇప్పిస్తే రెండు గోడలూ బాగుపడతాయి.

ఇంటి చుట్టూ గచ్చు అంచు

ఇంజనీర్లు ప్లింత్ ప్రొటెక్షన్ అనేది ఇదే. గోడ చుట్టూ రెండున్నర మూడడుగుల వెడల్పున, గట్టిగా దిమ్మిస కొట్టిన గ్రావెల్ మీద మూడు నాలుగు అంగుళాల మందం కాంక్రీటు వేసి, బయటకు ఒక అంగుళమైనా వాటం ఇవ్వాలి. గోడకూ ఈ గచ్చుకూ మధ్య అర అంగుళం సందు వదిలి, ఆ సందును తారుతోనో సీలెంటుతోనో నింపించండి. మేస్త్రీలు తరచుగా దానిని సిమెంటుతోనే కలిపేస్తారు. గచ్చు కొంచెం కుంగగానే అక్కడ వెంట్రుకవాసి చీలిక వచ్చి, నీరు సరిగ్గా గోడ వెంట దిగుతుంది. పని జరిగేటప్పుడు దగ్గర నిలబడి చూసుకోవలసిన చోటు ఇదే.

బీటలను చదవడం

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో ఇల్లున్నవారు ఈ భాగాన్ని ప్రత్యేకంగా చూడాలి. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, మే నెల ఎండకు ముడుచుకొని నెర్రెలిస్తుంది. దానితోపాటు పునాది కూడా ఏడాదికొకసారి లేచి దిగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, ఇటుకల వరుసల వెంట మెట్లుమెట్లుగా పోయే బీటలు దీనివల్ల వచ్చేవే. బీటను వెంటనే పూడ్చకండి. దాని రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి, మధ్యలో వెడల్పు కొలిచి పక్కనే రాయండి. మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చూడండి. కాలాన్ని బట్టి తెరుచుకొని మూసుకొనే బీటలో సిమెంటు నిలవదు, సాగే గుణమున్న సీలెంటే పెట్టాలి. ఏళ్ల తరబడి కదలని బీటను వి ఆకారంలో చెక్కి, దుమ్ము కడిగి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చవచ్చు. బీట 5 మిల్లీమీటర్లు దాటినా, ప్రతి ఏడూ పెరుగుతూ పోతున్నా, తలుపులు ద్వారబంధానికి పట్టేస్తున్నా, అది మేస్త్రీ చేతి పని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

రేగడిలో గచ్చు అంచును మూడడుగులకు బదులు ఐదారడుగులు వేయించడం మంచిది. పునాది పక్కన మట్టి తేమ ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉంటే కదలిక తగ్గుతుంది. అక్కడ కొత్తగా ఇల్లు కట్టబోయేవారు అండర్‌రీమ్డ్ పైల్ పునాది, అంటే అడుగు భాగం ఉబ్బుగా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలను లోతుకు దించే పునాది గురించి తమ ఇంజనీరును అడగాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇటువంటి నేలల కోసమే ఆ పద్ధతిని మన దేశంలో అభివృద్ధి చేసింది.

లోపలి చెమ్మ

బయటి పనులన్నీ అయిన తరువాత కూడా గోడ కింది భాగం తడిగానే ఉంటే, ఆ చెమ్మ ఎటు నుంచి వస్తున్నదో తేల్చుకోండి. అడుగున్నర చదరం మందపాటి పాలిథీన్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితానికి గోడ వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలో నుంచి వస్తున్నది. గది వైపు పడితే అది గదిలోని గాలి తడి మాత్రమే. కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలు.

గచ్చు నుంచి రెండు మూడడుగుల ఎత్తున గోడ పొడుగునా ఒకే గీతలా తడి మరక, దాని పైన తెల్లని ఉప్పు పొడి కనిపిస్తే, నేలలోని నీరు ఇటుకల ద్వారా దీపపు వత్తిలో నూనెలాగా పైకి ఎక్కుతున్నదని అర్థం. డీపీసీ లేని పాత ఇళ్లలోనూ, తీర మండలాలలో ఉప్పు బోరు నీటితో కట్టిన ఇళ్లలోనూ ఇది ఎక్కువ. గచ్చు మీద చీమకుర్తి గ్రానైట్ పరిచినా, మార్కాపురం పలకలు పరిచినా ఇది ఆగదు. గచ్చులో నుంచి పైకి రాలేని తడి గోడల వైపుకే మళ్లుతుంది. దీనికి చేసే వైద్యం ఏమిటంటే, గోడ మొదట్లో నాలుగైదు అంగుళాలకొక రంధ్రం వరుసగా వేసి, నీటిని దరిచేరనివ్వని సిలేన్ జాతి ద్రవాన్ని ఎక్కించడం. ఆ తరువాత మరక కంటే ఒక అడుగు పై వరకు ఉప్పు పట్టిన ప్లాస్టరింగు మొత్తాన్ని ఇటుక కనిపించే దాకా కొట్టించి, ఆరనిచ్చి, మంచినీటితో కలిపిన మాలుతో కొత్తగా చేయించాలి. పాత ప్లాస్టరింగులో ఉన్న ఉప్పు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి దానిని ఉంచి పైన ఏది పూసినా ఫలితం ఉండదు. ఈ పనికి ఏప్రిల్, మే నెలలే సరైనవి. నవంబరులో తడి గోడ మీద పెయింటు వేస్తామని వచ్చేవారిని పంపివేయండి.

సంపు, సెప్టిక్ ట్యాంకు

తుఫాను హెచ్చరిక వినగానే చాలామంది సంపును ఖాళీ చేసి శుభ్రం చేయాలనుకుంటారు. అది ప్రమాదం. బయటి కొలతల ప్రకారం పొడుగు, వెడల్పు, లోతు ఆరేసి అడుగులున్న సంపు, చుట్టూ భూగర్భజలం పైదాకా వచ్చినప్పుడు దాదాపు 6,100 లీటర్ల నీటిని పక్కకు తోస్తుంది. అంటే ఆరు టన్నుల బలం దానిని అడుగు నుంచి పైకి ఎత్తుతున్నది. ఖాళీ సంపు పడవలాగా లేచి, పక్కనున్న గచ్చునూ గొట్టాలనూ పగలగొట్టవచ్చు. వానల కాలమంతా సంపును నిండుగా ఉంచండి. మూత అంచును నేలకు అడుగు ఎత్తున కట్టించి, మురుగు నీరు చొరకుండా రబ్బరుతో బిగించండి. సెప్టిక్ ట్యాంకులోని మురుగును వేసవిలోనే తోడించి, బయటకు పోయే గొట్టానికి వెనక్కి నీరు రాకుండా నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. లేకపోతే వీధి కాలువ నిండిన రాత్రి ఆ మురుగు బాత్రూములలోకి వస్తుంది.

సెల్లారు ఉన్నవారు

సెల్లారు దిగే వాలు మొదట్లో రోడ్డు కంటే ముప్పావు అడుగు ఎత్తున మెరక, వాలు అడుగున అడ్డంగా జాలీ కాలువ, చుట్టూ గోడ వెంట సన్న కాలువ, ఒక మూల గుంత, అందులో రెండు పంపులు ఉండాలి. తుఫానులో కరెంటు పోవడం దాదాపు ఖాయం కాబట్టి ఒక పంపు డీజిలుదో, జనరేటరుతో నడిచేదో కావాలి. ఇంజనును మాత్రం ఎప్పుడూ బయట ఉంచి, గొట్టాన్నే లోపలికి దించండి. మూసిన సెల్లారులో ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిమిషాలలో ప్రాణం తీస్తుంది. మీటర్లు, ప్యానెల్ బోర్డు సెల్లారులో ఉంటే వాటిని పైకి మార్పించడానికి అసోసియేషన్‌లో పట్టుబట్టండి. వాన మొదలు కాకముందే లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆపివేయండి.

సెల్లారు నిండిపోతే నీటిని ఒక్కసారిగా తోడేయాలని తొందరపడకండి. బయట మట్టి నీటితో నిండి గోడలను లోపలికి నెడుతూ ఉంటుంది. లోపలి నీరు ఆ నెట్టుడుకు ఎదురు ఆనికగా ఉన్నది. వీధిలో నీరు తగ్గిన తరువాత మొదట ఒక్క అడుగు మాత్రం తోడి, గోడ మీద మట్టం గుర్తు పెట్టి మరుసటి ఉదయం వరకు ఆగండి. మట్టం మళ్లీ పెరిగితే బయటి నీరు ఇంకా దిగలేదని అర్థం, ఇంకో రోజు ఆగాలి. పెరగకపోతే రోజుకు రెండడుగుల చొప్పున తోడుతూ రండి. కరెంటు మెయిన్ ఆపకుండా ఆ నీటిలో ఎవరూ కాలు పెట్టకూడదు.

వరద తీసిన తరువాత

2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. పారే నీరు ఇంటి పునాది దగ్గర కూడా అదే పని చేస్తుంది. పెన్న ఒడ్డునో, వాగుల పక్కనో ఇల్లున్నవారు వరద తీయగానే లోపలి బురద కంటే ముందు బయటి మూలలు చూడాలి. మట్టి కోసుకుపోయి పునాది రాళ్లు గానీ కాంక్రీటు గానీ బయటపడితే, ఇంజనీరు చూసే వరకు ఆ ఇంట్లో పడుకోకండి. మట్టి మాత్రమే పోయి పునాది కదలకుండా ఉంటే, గుంతను గ్రావెల్‌తో పొరపొరలుగా నింపి దిమ్మిస కొట్టించండి. లోపల గచ్చును అడుగడుగునా ఇనుప కడ్డీతో తట్టి వినండి. గట్టిగా మోగకుండా డొల్లగా మోగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, వాటిని ఇంజనీరుకు చూపించండి. సంపులో మురుగు కలిస్తే ఆ నీటిని తాగడానికీ వంటకూ వాడకండి. కాంపౌండులో గానీ దగ్గరలో గానీ ఉన్న బావిలోనో తవ్విన గుంతలోనో నీటిమట్టం సంపు అడుగు కంటే కిందికి దిగిందని చూసుకున్న తరువాతనే దానిని పూర్తిగా తోడించి, రుద్ది, బ్లీచింగు పౌడరుతో కడిగించండి. తడిసిన గోడల పక్కన కొన్ని నెలల తరువాత మట్టి గొట్టాల్లాగా చెదల దారులు మొదలవుతాయి కాబట్టి, సంక్రాంతి శుభ్రంలో బీరువాలు జరిపినప్పుడు గోడ మొదళ్లను టార్చిలైటు వేసి చూడండి.